ఎడం పక్క అరంగుళం

తొమ్మిదేళ్ళుగా ఒక మాట నా లోపల ఉండిపోయింది. మిషను తొక్కుతున్నంతసేపూ అది ఊరుకుంటుంది. కాలు ఆపితే చాలు, వచ్చి ఎదురుగా కూర్చుంటుంది. అందుకే నేను కాలు ఆపను. పండగ లేదు, పబ్బం లేదు, ఎప్పుడు చూసినా కుడుతూనే ఉంటుంది పాపం అని ఊళ్ళో నన్ను మెచ్చుకుంటారు. ఎందుకు కుడుతూ ఉంటానో వాళ్ళకి తెలియదు. ఒక్కరికి తెలుసని నా అనుమానం. ఆవిడ సంగతి తర్వాత చెబుతాను.

మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసినవాళ్ళకి చెబితే రేపు కాలవరేవులో ఆ మాట నాకంటే ముందు నడుస్తుంది. నేను మనుషుల్ని నమ్మను. ఈ సంగతి మొదటే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నేను చేసిన పాపం ఆ గుణంలోంచే పుట్టింది. ఇది చదివి మీరు కూడా ఎవరి చెవిన వేద్దామా అని చూస్తారేమో. చూస్తే చూడండి. మా ఊరి పేరు రాయను, రాజోలుకీ మామిడికుదురుకీ మధ్య ఎక్కడో అనుకోండి. నా పేరూ రాయను. ఐదో తరగతి దాకా చదివాను, తప్పులుంటే సర్దుకోండి.

నేను ఆడవాళ్ళ బట్టలు కుడతాను. మా ఆయన దర్జీ. పెళ్ళయ్యాక నాకూ నేర్పాడు. నేర్పారు అని గౌరవంగా రాయాలేమో, కానీ చెయ్యి రావడం లేదు. యుద్ధం రోజుల్లో, కంట్రోలు గుడ్డ తప్ప ఏదీ దొరకని రోజుల్లో, మా దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఒకావిడతో కలిసి ఊరొదిలి వెళ్ళిపోయాడు. మిషను మాత్రం నాకు వదిలేశాడు. ఆవిడ ఎలా వచ్చేదో నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. మిట్టమధ్యాహ్నం, ఒక్కతే. కుట్టు అలా మార్చండి, మెడ ఇలా తీయండి అని గంటసేపు. దగ్గరికొస్తే గంధం వాసన. ఆ జాకెట్లకి కాజాలు తీసింది నేనే. తెలివితక్కువదాన్ని, అందంగా ఉన్నారండీ అని కూడా అన్నాను. అప్పట్నుంచి ఏ ఆడది అద్దంలో రెండుసార్లు చూసుకున్నా నా ఒళ్ళు మండేది.

మా వైపు పరువుగల ఇళ్ళలో ఆడవాళ్ళు ఒంటికి టేపు తగలనివ్వరు. సరిపోయే పాత జాకెట్టు ఒకటి పంపుతారు. దాన్ని ఆది అంటారు. ఆది చూసి కొత్తది కత్తిరించాలి. మనిషిని చూడకుండా మనిషికి కుట్టాలన్నమాట. వినడానికి వింతగా ఉంటుంది గానీ, ఆది చెప్పినన్ని సంగతులు మనిషి కూడా చెప్పదు. చంక దగ్గర కుట్టు విప్పి వేసుకున్నారంటే ఒళ్ళొచ్చింది. నడుం దగ్గర పిన్నీసు గుచ్చిన చిల్లులుంటే ఒళ్ళు తీసింది, తిండి సరిగ్గా తినడం లేదు. కాజాలు సాగితే నెల తప్పింది. వాళ్ళ అత్తగారి కంటే ముందు నాకు తెలుస్తుంది.

నా మాటకి ఊళ్ళో విలువుండేది కూడా అందుకే. సినిమాల్లో చూసి అందరికీ బుట్టచేతులు కావాలి. జబ్బలు లావుగా ఉన్నవాళ్ళు బుట్టచేతులు పెట్టించుకుంటే భుజం మీద గుమ్మడికాయ పెట్టుకున్నట్టుంటుందని మొహం మీదే చెప్పేదాన్ని. మోచేతి దాకా దించండి, వేలు దూరేంత వదులుంచండి, జబ్బ సన్నగా కనిపిస్తుంది. మెడ ఎముకలు తేలిన పిల్లకి మెడ పైకి కట్టండి. ఎండాకాలంలో చంక బిగిస్తే సెగ్గడ్డలు లేస్తాయి, ఊపిరాడేలా వేసుకోండమ్మా అని తిట్టేదాన్ని. లంగా బొందు అంత బిగించి కట్టకండి, నడుం నల్లగా కమిలిపోతుంది అనేదాన్ని. ఒళ్ళెరిగిన మనిషి అని పేరు. ఆ పేరు నాకు బాగా ఎక్కింది. ఒళ్ళెరిగితే మనసెరిగినట్టే అనుకున్నాను.

ఇక నేను పాపం చేసింది ఎవరి విషయంలోనో చెబుతాను. సుభద్ర అందాం, అసలు పేరు కాదు. మా ఊళ్ళో కొబ్బరితోటలూ వరిచేలూ ఉన్న పెద్ద ఇంటి కోడలు. ఇరవయ్యేడో ఇరవయ్యెనిమిదో ఉంటాయి. ఆరేళ్ళ కూతురు, చిట్టి. భర్త కొబ్బరి వ్యాపారం మీద నెలలో సగం రోజులు ఊళ్ళో ఉండేవారు కాదు. ఇంటి పెత్తనమంతా అత్తగారిది. ఆవిణ్ణి ఊరంతా పెద్దమ్మగారు అనేవాళ్ళం. ఆవిడ ఒక మాటంటే దానికి తిరుగు లేదు. ఆ ఇంటి బట్టలు నేను కుడుతున్నాననే ఆ వీధి వీధంతా నా దగ్గరికొచ్చేది.

పెద్ద ఇళ్ళ కోడళ్ళు నా అరుగెక్కరు. పనిమనిషి చేత గుడ్డా ఆదీ పంపిస్తారు. అలాంటిది ఒక శ్రావణమాసంలో, మధ్యాహ్నం భోజనాలయ్యాక, సుభద్ర ఒక్కతే వచ్చింది. వచ్చి నన్ను అక్కగారూ అంది. నాకు అక్కడే అనుమానం తగిలింది. కామందుల కోడలు మిషను తొక్కుకునేదాన్ని పట్టుకుని అక్కగారూ అంటే, దానికేదో అవసరం ఉన్నట్టే కదా.

తనకి ఎలా కావాలో తనే చెప్పింది. ఎడం పక్క అరంగుళం ఎక్కువ వదలమంది. కుడి పక్క ఉన్నట్టే ఉంచమంది. ఎడం పక్క లోపల మెత్తటి మల్లుగుడ్డ వేసి కుట్టమంది. దానికోసం భర్త పాత ధోవతి ముక్క చింపి తెచ్చుకుంది. గుండీలు వెనక వద్దు, ముందే పెట్టమంది. చేతులు కాస్త వదులుగా ఉంచమంది. మాట్లాడుతున్నంతసేపూ వీధి వైపు చూస్తూనే ఉంది. దగ్గరికొచ్చి కుట్టు చూపిస్తుంటే గంధం వాసన వచ్చింది.

ఆవిడ వెళ్ళాక ఆది తిరగేసి చూశాను. కుడి పక్క లోపల దూది ముద్ద పెట్టి టాకాలు వేసి ఉంది. చక్కటి టాకాలు, తన చేతివే. చూడగానే నవ్వొచ్చింది. తర్వాత కోపం వచ్చింది. మొగుడు ఊళ్ళో లేనప్పుడు ఎవరికి చూపించుకోవడానికమ్మా ఈ దూది? పట్టపగలు ఎవరికోసం ఈ గంధం? ముందు గుండీలెందుకు? నా మనసు ఒక్కొక్క ప్రశ్నా వేసుకుంది. జవాబు ముందే సిద్ధంగా పెట్టుకుని ప్రశ్నలు వేసుకుంది.

ఇప్పుడు రాస్తుంటే అంతా తేటగా కనిపిస్తోంది. రెండు పక్కలూ సమంగా లేకపోతే ఎవరైనా కనిపెడతారని ఆ దూది. మంట చల్లారడానికి గంధం. చెయ్యి వెనక్కి తిప్పలేక ముందు గుండీలు. అన్నీ నా బల్ల మీదే పెట్టి వెళ్ళింది కదా, ఒళ్ళెరిగినదాన్నని పేరున్న నా బల్ల మీద. ఒక్కటైనా నేను సరిగ్గా చదివానా? లేదు. నాకు మా ఆయన వెంట వెళ్ళిపోయినావిడే కనిపించింది.

దసరా ముందు మళ్ళీ వచ్చింది. నేను దారాలకీ గుండీలకీ నెలకోసారి అమలాపురం వెళ్తానని ఎవరో చెప్పారట. వచ్చే బుధవారం తననీ తీసుకెళ్ళమంది. ఇంట్లో మాత్రం, జాకెట్టు గుడ్డ ఎంచడానికి నేనే రమ్మన్నానని పెద్దమ్మగారితో చెప్పమంది. ఎందుకండీ అన్నాను. పనుందక్కగారూ, అక్కడికెళ్ళాక చెప్తాను, ఇక్కడ నోరు రావడం లేదు అంది. కళ్ళనిండా నీళ్ళు. ఆ నీళ్ళు చూసి కూడా నేనేమనుకున్నానో తెలుసా? ఎంత నటన అనుకున్నాను. చూద్దాం లెండి అని పంపేశాను.

మర్నాడు పొద్దున్నే పెద్దమ్మగారి దగ్గరికెళ్ళాను.

అక్కడ నేను ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. ఎన్నోసార్లు దీన్నే పట్టుకుని వేలాడాను, నేను అబద్ధం చెప్పలేదు కదా అని. ఉన్నవే చెప్పాను. కోడలుగారు మధ్యాహ్నం ఒక్కరే వస్తున్నారండి. లోపల దూది పెట్టుకుంటున్నారండి. గంధం రాసుకుంటున్నారండి. నాచేత మీకు అబద్ధం చెప్పించి అమలాపురం తీసుకెళ్ళమంటున్నారండి. నాలుగూ నిజాలే. వాటిని వరసలో పెట్టింది నేను. నాకెందుకండీ, మీ ఉప్పు తిన్నదాన్ని కనక చెప్పేను అని కూడా అన్నాను. నిప్పు లేందే పొగ రాదు అని మాత్రం అంది పెద్దమ్మగారు. వస్తుంటే రెండు కొబ్బరికాయలు ఇప్పించింది. తెచ్చుకుని పచ్చడి చేసుకుని తిన్నాను.

ఆ బుధవారం నేనొక్కదాన్నే పడవెక్కాను. ఆ రోజు నుంచీ సుభద్ర గడప దాటలేదు. గుడికి కూడా పంపడం లేదని పనిమనిషి చెప్పింది. నాకు, దాచకుండా చెబుతాను, ఏదో తృప్తి కలిగింది. ఒక ఇల్లు నిలబెట్టాననుకున్నాను. నా ఇల్లు ఎవరూ నిలబెట్టలేదు కదా.

కార్తీకమాసంలో పెద్దమ్మగారు కబురు పెట్టింది. కోడలికి జాకెట్లేవీ సరిపోవడం లేదట, ఇంటికొచ్చి వేసి చూసి కుట్టాలట. పెద్దమ్మగారు నడవలో కూర్చుంది. నన్ను పెరటివైపు గదిలోకి పంపింది. సుభద్ర నన్ను చూసి లేచి నిలబడింది. మనిషి చిక్కిపోయింది. పమిట తీసింది. చంక కింద కుట్టు సరిచేద్దామని చెయ్యి పెట్టాను. నా వేళ్ళకి తగిలింది.

ఎడం రొమ్ములో, చంక వైపు. ఆ మాట రాయడానికి కూడా తొమ్మిదేళ్ళు పట్టింది. పోకచెక్కలా గట్టిగా ఉంది. నొక్కితే కదల్లేదు. గుండీలు విప్పి చూస్తే, పైన చర్మం లోపలికి లాగేసినట్టు ముడతపడి ఉంది. చంకలో ఇంకోటి, చిన్నది. మా అమ్మమ్మకి అచ్చం ఇలాగే మొదలైంది. నాకు పన్నెండేళ్ళప్పుడు ఆవిడకి గుడ్డలు మార్చింది నేనే. దాన్ని మా ఊళ్ళో రాచపుండు అంటారు. ఆ పేరు పైకి అనరు. నాకు వేళ్ళతో తెలిసిపోయింది. ఏమో, కాదేమో అనుకోవడానికి సందు లేదు.

సుభద్ర నా మొహమే చూస్తోంది.

"తెలిసిందాండీ అక్కగారూ?" అంది, గొంతు తగ్గించి.

చంకలోంచి చెయ్యి తీశాను.

"వేసంగిలో శనగగింజంత ఉందండి. బుధవారం మిమ్మల్ని రమ్మన్నది ఇందుకేనండి. అమలాపురంలో ఆడ డాక్టరుగారున్నారంట కదా, మగాళ్ళకి చూపించక్కర్లేదంట. మీకు దారి తెలుసు కదాని అడిగేను."

"ఇంట్లో చెప్పలేదా అండి?"

"ఆయనతో చెప్పేను. అమ్మనడుగు అన్నారు. అత్తయ్యగారితో చెప్పేను. ఏమనుకున్నారో ఏంటో, ఆసుపత్రన్నది బయటికెళ్ళడానికి సాకంటున్నారు. చూడండి అత్తయ్యగారూ అని పమిట తీయబోతే సిగ్గు లేదా అని లేచెళ్ళిపోయేరు. నా మాట నమ్మరండి ఇప్పుడు." నా చెయ్యి పట్టుకుంది. "మీ మాట నమ్ముతారండి ఆవిడ. మీరు చూసేరు కదా. మీరొక్క మాట చెప్పండి."

"ఆయ్, చెప్తానండి," అన్నాను.

ఆ ఆయ్ నా నోటితో నేనన్నదే. మా వైపు రోజుకి వందసార్లు అంటాం, ఆయ్ ఆయ్ అని. ఎవరేం చెప్పినా అంటాం. ఇప్పటికీ ఎవరైనా అంటే నాకు ఆ గది గుర్తొస్తుంది.

గదిలోంచి బయటికొచ్చాను. పెద్దమ్మగారు నడవలోనే ఉంది. అయిదడుగుల దూరం. ఏమే, కొలతలయ్యాయా అంది. అయ్యాయండి అన్నాను. ఇంకేమన్నా చెప్పిందా అని నా కళ్ళలోకి చూసింది. చెప్పడానికి నోరు తెరిచాను. తెరిచి, అంతలో ఆలోచించాను. ఇప్పుడు రోగం అంటే, మరి మొన్న నువ్వు చెప్పిందేమిటే అంటుంది. నా కోడలి మీద నింద వేశావా అంటుంది. ఈ ఇల్లు పోతుంది. దీని వెనకే వీధి పోతుంది. ఒంటరిదాన్ని, మిషను మీద బతికేదాన్ని, ఎక్కడికి పోతాను? ఇదంతా కన్ను మూసి తెరిచేంతలో. ఏం లేదండి, చంక బిగువుగా ఉందన్నారంతే అన్నాను.

రేపు చెబుదామనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. మీరు నమ్మకపోవచ్చు, నేనైతే నమ్మను. రేపన్నది ఎంత మెత్తటి గుడ్డో. ఎటు లాగినా సాగుతుంది. కార్తీక సోమవారాలు అయ్యాక అనుకున్నాను. వాళ్ళాయన ఊళ్ళోకొచ్చాక ఆయనతో చెబుదామనుకున్నాను. ఆయన వచ్చి వెళ్ళిపోయారు. పాలగడ్డేమో, అదే కరిగిపోతుందేమో అని నాకు నేనే చెప్పుకున్నాను. బిడ్డకి పాలు మాన్పించి నాలుగేళ్ళయిన మనిషికి పాలగడ్డేమిటి? ఒళ్ళెరిగినదాన్ని కదా, నాకు తెలియదా?

మార్గశిరంలో ఒకసారి నిజంగానే బయల్దేరాను. ఈసారి చెప్పి తీరాలని తలస్నానం చేసి మరీ వెళ్ళాను. పెద్దమ్మగారు ఎంతో ఆదరంగా కూర్చోబెట్టింది. పూతరేకులు పెట్టించింది. ఆ రోజు నువ్వు చెప్పబట్టి మా ఇంటి పరువు దక్కిందే, నీ మేలు మర్చిపోను అంది. పూతరేకులు తిన్నాను. బాగున్నాయండి అన్నాను. వస్తూ పెరటివైపు చూస్తే కిటికీలో సుభద్ర నిలబడి ఉంది. చెప్పారా అన్నట్టు తలాడించింది. నేను కూడా తలాడించాను.

చెప్పానని తలాడించాను. ఇదే ఇంకెవరికీ చెప్పుకోలేనిది. ఆ తర్వాత ఆవిడ ఎన్నాళ్ళు ఎదురుచూసిందో, రేపో మాపో అత్తగారు బండి కట్టిస్తుందని ఎన్ని పొద్దుళ్ళు లేచిందో. అత్తగారికి చెప్పినా కనికరించలేదని ఆవిణ్ణి తిట్టుకుందేమో. నన్ను మాత్రం తిట్టుకుని ఉండదు. నేను మంచిదాన్నన్న నమ్మకంతోనే పోయింది.

మాఘమాసంలో అది పగిలింది. జాకెట్టు తడిసి పమిట మీదికి వచ్చేదాకా తెలియలేదు ఇంట్లోవాళ్ళకి. అప్పుడు పెద్దమ్మగారు చూసింది. అదే రోజు మేనా కట్టించి రేవుకి తీసుకెళ్ళి, పడవ మీదా బండి మీదా కాకినాడ పెద్దాసుపత్రికి చేర్చారు. వారం ఉంచుకుని, ఇంటికి తీసుకెళ్ళిపొండి అన్నారు. వేసంగిలోనో, కనీసం దసరాకో తెచ్చుంటే కోసి తీసేవాళ్ళం అన్నారట. ఈ మాట పనిమనిషి మా అరుగు మీద కూర్చుని చెప్పింది. నేను సూదిలో దారం ఎక్కిస్తున్నాను. ఎక్కలేదు.

తిరిగొచ్చాక ఆవిడకి ఏ గుడ్డా ఒంటికి ఆనడం లేదని, మెత్తటి జాకెట్టు ఒకటి కుట్టమని గుడ్డా ఆదీ పంపారు. ఆ ఆది పెళ్ళినాటిది. రెండు పక్కలూ సమంగా ఉన్నది. నేను ఆది పక్కన పెట్టేశాను. నా వేళ్ళకి గుర్తున్న కొలత పెట్టి కత్తిరించాను. ఎడం పక్క అరంగుళం, చంక దగ్గర ఇంకో అరంగుళం. లోపల మల్లుగుడ్డ. ఎక్కడా కుట్టు ఒరుసుకోకుండా మడతలన్నీ బయటికి తిప్పి కుట్టాను. నా జన్మలో అంత మంచి పని చేయలేదు. ఏడుస్తూ కుట్టాను. ఆ ఏడుపు ఆవిడ కోసమా, బయటపడతానేమోనన్న భయంతోనా? అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు.

నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. పెద్దమ్మగారు జాకెట్టు విప్పి ఒళ్ళో పరుచుకుంది. ఆవిడ వేళ్ళు కుట్టు మీద నడిచాయి. కుడి పక్క నడిచాయి. ఎడం పక్కకొచ్చి ఆగాయి. లోపల గుడ్డ తడిమి చూసింది. తలెత్తి నన్ను చూసింది.

"నీకెప్పట్నుంచి తెలుసే?" అంది.

ఆదిలో ఉన్నట్టే కుట్టేనండి అన్నాను. ఆది ఆవిడ పక్కనే ఉంది. రెండూ ఒకదాని మీద ఒకటి పెడితే చాలు. పెట్టలేదు. పెట్టాల్సిన పని లేదని ఇద్దరికీ తెలుసు. సరే వెళ్ళు అంది. సుభద్ర దాన్ని వేసుకోలేదు. మూడో రోజు తెల్లవారకముందే పోయింది.

ఆ తర్వాత ఆ ఇల్లు నన్ను మానేస్తుందనుకున్నాను. మానలేదు. ఏ పండక్కి ఆ పండక్కి గుడ్డ వచ్చింది. వెళ్తే మంచినీళ్ళిచ్చారు. పెద్దమ్మగారు నాతో పనిమాట తప్ప వేరే మాట ఆడలేదు. ఎందుకు మానలేదో తొమ్మిదేళ్ళుగా ఆలోచిస్తున్నాను. నన్ను బయటపెడితే, నా మాట నమ్మి కోడల్ని గదిలో పెట్టిన సంగతి కూడా బయటికొస్తుందనా? లేక నన్ను కళ్ళముందే ఉంచుకుని చూడాలనా? ఆవిడ నన్ను కనిపెడుతోందని నాకు, నేను ఆవిణ్ణి కనిపెడుతున్నానని ఆవిడకి. ఒకే పాపాన్ని చెరో కొసా పట్టుకుని కూర్చున్నాం. ముందు ఎవరు వదులుతారోనని ఇద్దరికీ భయం.

పోయిన వారం చిట్టి వచ్చింది. పదిహేనేళ్ళు. ఓణీలు మొదలుపెట్టారు. మొహం అచ్చం తల్లిదే, లేచి నిలబడే తీరు కూడా. కొత్త గుడ్డ బల్ల మీద పెట్టి, దాని కింద మడతపెట్టిన పాత జాకెట్టు పెట్టింది. చూడగానే పోల్చుకున్నాను. నా చేతి కుట్టు నాకు తెలియదా. ఒక్కసారి కూడా తొడగనిది. కలరా ఉండల వాసనొస్తోంది.

"మా అమ్మదంటండి. నాయనమ్మ పెట్లోంచి తీసిచ్చేరు," అంది చిట్టి. "మీ చేతికే ఇమ్మన్నారు. కానీ ఆది చూసి కుట్టొద్దంట. నన్ను కొలిచి కుట్టమన్నారండి. బాగా చూసి కొలవమని చెప్పమన్నారు."

ఆ ఇంటి ఆడపిల్లని టేపు పెట్టి కొలవమన్నారు. నన్ను. పెద్దమ్మగారు నన్ను నిలదీస్తోందా? లేక ఆ తెలిసిన వేళ్ళతోనే ఈ పిల్లని చూడమంటోందా? డెబ్బయ్యేళ్ళు దాటిన మనిషి, తను పోయాక ఈ పిల్లని ఎవరు చూస్తారని భయపడిందా? ఇన్నేళ్ళు అందర్నీ అనుమానించిన దాన్ని, ఆ ఒక్కదాని అర్థం మాత్రం తేల్చుకోలేకపోతున్నాను.

కొలిచాను. అన్నీ సమంగా ఉన్నాయి. నిండుగా, ఆరోగ్యంగా ఉంది పిల్ల. చంక దగ్గర టేపు పట్టుకుని, తనవైపు చూడకుండా చెప్పాను. చూడు తల్లీ, నీళ్ళు పోసుకున్నప్పుడు నీ ఒళ్ళు నువ్వే తడిమి చూసుకుంటూ ఉండు. ఎక్కడన్నా గింజంత గడ్డ తగిలినా సిగ్గుపడి దాచుకోకు. వెంటనే చెప్పు. చిట్టి కాస్త సిగ్గుపడింది, కాస్త నవ్వింది.

"ఆయ్. ఎవరికి చెప్పాలండి?" అంది.

నాకు చెప్పు అనబోయాను. వాళ్ళమ్మ నాకే చెప్పింది.

ఆ పిల్ల జవాబు కోసం కాసేపు చూసి, ఎప్పుడిస్తారండి అని అడిగి వెళ్ళిపోయింది. నాలుగు రోజుల తర్వాత చిట్టి జాకెట్టు కుట్టి పంపించాను. దాని తర్వాత ఈ కాగితాలు తీసుకుని కూర్చున్నాను. మిషను ఆగి రెండు రోజులైంది. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అడిగితే ఎవరినడగాలో వాళ్ళు లేరు. చెప్పాను, అంతే. కాలు ఆపి ఇంతసేపు కూర్చోగలిగాను, తొమ్మిదేళ్ళలో ఇది మొదటిసారి.

పాత జాకెట్టు ఇంకా నా బల్ల మీదే ఉంది. రేపు నేనే తీసుకెళ్ళి పెద్దమ్మగారి ఒళ్ళో పెడతాను. ఆవిడ మళ్ళీ అదే అడుగుతుందో లేదో తెలియదు. అడిగితే ఈసారి ఆదిలో ఉందని చెప్పను. కార్తీకమాసం నుంచి తెలుసండి అంటాను.